విటమిన్ డబ్బా కొనేముందు చెరువు రంగు చూడండి

మా ఆయన చెరువు లెక్కల పుస్తకంలో "మందులు" అని ఒక పేజీ ఉంటుంది. రెండేళ్ల కిందట వంటింట్లో కూర్చుని ఆ పేజీ కూడాను. ఏడెకరాల చెరువు, ఒక్క పట్టుబడి. విటమిన్ సి డబ్బాలు, లివర్ టానిక్ క్యాన్లు, "గ్రోత్" ప్యాకెట్లు అన్నీ కలిపి 31,400 రూపాయలు తేలింది. నేను పద్నాలుగేళ్లు చేపల మేత మిల్లులో ప్రీమిక్స్ (మేతలో కలిపే విటమిన్ల మిశ్రమం) తూచే గదిలో పనిచేశాను. విటమిన్లు గ్రాముల లెక్కన తూచిన చేతులివి. అయినా మా ఇంట్లో ఎవరూ నన్నడగలేదు, కొట్టతన్ని అడిగారు. ఆయన ఇచ్చాడు, వీళ్లు తెచ్చారు. ఆయన్ననడానికేముంది, అమ్మడం ఆయన పని.

మాది కొల్లేరు పక్క ఊరు. ఇక్కడ శీలావతి, బొచ్చె, అక్కడక్కడా ఫంగస్ (పంగాసియస్ చేప), రూప్‌చంద్ వేస్తారు. నేను చెప్పేవి ఈ చేపల సంగతులే.

ముందుగా ఆ డబ్బాలు ఏమయ్యాయో చెప్తాను. పొడిని బకెట్లో కలిపి పడవ మీద నుంచి చెరువంతా చల్లారు. ఎకరం చెరువులో అయిదడుగుల నీళ్లుంటే దాదాపు 62 లక్షల లీటర్లు. అందులో కిలో విటమిన్ సి పోశారనుకోండి, లీటరుకు వచ్చేది 0.16 మిల్లీగ్రాము. పోనీ అదైనా చేప తాగుతుందా అంటే, మంచినీటి చేప నీళ్లు తాగేది బహు తక్కువ. దాని ఒంట్లోకి నీరు మొప్పల గుండా, చర్మం గుండా దానంతటదే చేరుతుంటే, ఆ ఎక్కువైన నీటిని బయటికి తోసెయ్యడమే దానికి రోజంతా పని. దానికి విటమిన్ అందే దారి నోరే, అంటే మేతే. ఎండకీ గాలికీ నీళ్లలోని మామూలు విటమిన్ సి ఎక్కువసేపు నిలవదు కూడా. ఆ ఏడు మేం విటమిన్ పెట్టింది చేపకి కాదు, కొల్లేటికి.

చేప అప్పటికే ఏం తింటోంది?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మనిషిలాగే చాలా చేపలు విటమిన్ సి తమంతట తాము తయారు చేసుకోలేవు. మిగతా వాటిలో కూడా చాలామటుకు తిండి నుంచే రావాలి. ఆ తిండి మనం వేసే మేత ఒక్కటేనా, చెరువులో పుట్టేది కూడా ఉందా? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఏ డబ్బా కొన్నా గుడ్డి బేరమే.

పొద్దున తొమ్మిదీ పదింటికి గట్టు దిగి చెయ్యి నిటారుగా నీళ్లలో ముంచండి. మోచేయి మునిగేసరికి అరచెయ్యి కనపడీ కనపడనట్టు ఉంటే, నీళ్లు లేతాకుపచ్చ గానీ కాస్త గోధుమ కలిసిన ఆకుపచ్చ గానీ ఉంటే, ఆ చెరువులో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మమైన మొక్కలు, జీవులు) బాగుందని లెక్క. ఆ పచ్చదనంలోనే విటమిన్ సి ఉంది, ఎ విటమిన్‌కి మూలమైన కెరోటిన్ ఉంది, బి విటమిన్లున్నాయి. బొచ్చె పైనీళ్లలో నోరు తెరుచుకుని దాన్నే వడగట్టుకు తింటుంది. శీలావతి కూడా దాంట్లో వాటా తీసుకుంటుంది. మన పెద్దవాళ్లు పేడా, సూపర్‌ఫాస్ఫేటూ వేసి వదిలేసిన రోజుల్లో ఎవరూ విటమిన్ మాటెత్తలేదు, చేపల నడుములూ వంగలేదు.

నీళ్లు తేటగా ఉండి కాళ్ల కింద నేల కనపడుతోందంటే కథ వేరు. చేపల బరువు ఎకరానికి బాగా పెంచేసినా వేరే. ఎకరంలో పుట్టే ప్లాంక్టన్ అంతే, తినే నోళ్లు మాత్రం రెట్టింపవుతాయి. ఇక టార్పాలిన్ తొట్లు, సిమెంటు తొట్లు, రిజర్వాయర్లలో వేసే బోనులు ఉన్నాయే, వాటిలోని చేపకి దిక్కు మనమే. మనం బస్తాలో వేసిందే దానికి అన్నం, కూర, పండు అన్నీ. అమెరికాలో బోనుల్లో పెంచిన క్యాట్‌ఫిష్‌కి నడుములు విరగడం గమనించి, అది విటమిన్ సి లోటని 1970ల్లో తేల్చారు. చెరువులో ఉన్న దాని అన్నదమ్ములు మాత్రం నిక్షేపంగా తిరిగాయి.

కాబట్టి పచ్చగా ఉన్న చెరువు, మామూలు చేపపిల్లల సంఖ్య, తవుడు మేత అయితే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి వెళ్లి ఆ డబ్బులతో నాలుగు బస్తాల వేరుశనగ చెక్క కొనుక్కోవచ్చు. తొట్టివాళ్లు, బోనువాళ్లు, ఫంగస్ దట్టంగా వేసినవాళ్లు కూర్చోండి.

తవుడు బస్తాలో ఏముంది, ఏం లేదు

కూర్చునేముందు బస్తా మేత సంగతి ఒక్క మాట. మన దగ్గర ఎరువు సంచికి అడుగున చిల్లులు పొడిచి, డీఓబీ (నూనె తీసేసిన) తవుడు, వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి నింపి, వెదురు గెడలకి కడతాం. చేప వచ్చి చిల్లు దగ్గర మూతి పెట్టి లాక్కుంటుంది. మేత ఆదా అవుతుంది, మంచి పద్ధతే. కానీ విటమిన్ పొడిని ఆ తవుట్లో కలిపితే, సంచి నీళ్లలో మునిగిన క్షణం నుంచీ అది కరిగిపోతూనే ఉంటుంది. సి, బి విటమిన్లన్నీ నీళ్లలో కరిగేవే కదా. చివర మూతి పెట్టిన చేపకి దక్కేది పిప్పి. బస్తాలో విటమిన్ సి కలపడమంటే చల్లడానికి ఇంకో పేరు.

అయితే ఆ తవుడేం తక్కువది కాదు. తవుట్లో బి1, నియాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం, బి6 దండిగా ఉంటాయి. మనిషికి బెరిబెరి రాకుండా కాపాడిన పొర అదే మరి. సి అస్సలుండదు. ఎ, డి లేనట్టే. ఇ మాత్రం పచ్చి తవుట్లో నూనెతో పాటు ఉంటుంది. డీఓబీ అంటే నూనె పిండేసిన తవుడు గనక ఇ ఆ నూనెతోనే మిల్లు నుంచి వెళ్లిపోతుంది. అలాగని పచ్చి తవుడు తెచ్చి నిల్వ పెట్టారో, అందులో ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనెని రోజుల్లోనే పాడుచేస్తుంది. పాతనూనె వాసన వస్తుంది చూడండి, ఆ తవుడు ఉన్న విటమిన్ ఇ ని కూడా తినేస్తుంది. పచ్చి తవుడు తెస్తే వారంలో వాడెయ్యండి, లేదా డీఓబీ తెచ్చుకోండి.

పాడైన నూనె ఎంత పని చేస్తుందో జపాన్ వాళ్లకి తెలుసు. అక్కడ కార్ప్ చేపలకి పట్టుపురుగుల ప్యూపా మేతగా వేసేవారు. నిల్వ ఉండి నూనె చెడిన ప్యూపా తిన్న చేపలకి వీపు కండ కరిగి, పైనుంచి చూస్తే కత్తి అంచులా అయ్యేవి. దాన్ని సెకోకె అన్నారు. విటమిన్ ఇ పెడితే ఆగింది. మన దగ్గరా హిందూపురం, మదనపల్లి వైపు పట్టు దారం తీసే చోట్ల ప్యూపా దొరుకుతుంది, చవగ్గానే వస్తుంది. తెచ్చుకుంటే తాజాది, నూనె తీసింది తెచ్చుకోండి.

లెక్క

మేత తొట్లలోకో బోనుల్లోకో సొంతంగా తయారు చేసుకునేవాళ్లకి ఒక ఆధారం కావాలి. మేం మిల్లులో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1993 పట్టిక నుంచి మొదలెట్టేవాళ్లం. అందులో కామన్ కార్ప్‌కి, అంటే మన బంగారు తీగకి, కిలో మేతలో ఉండాల్సినవి ఇలా ఉన్నాయి. ఎ 4,000 ఐ.యూ. (విటమిన్లు కొలిచే అంతర్జాతీయ యూనిట్లు), ఇ 100 మిల్లీగ్రాములు, రైబోఫ్లేవిన్ 7, పాంటోథెనిక్ ఆమ్లం 30, నియాసిన్ 28, బి6 6, బి1 0.5, బయోటిన్ 1, కోలిన్ 500, ఇనోసిటాల్ 440 మిల్లీగ్రాములు. బి12 అక్కర్లేదు, పేగుల్లోని సూక్ష్మజీవులే తయారు చేసిపెడతాయి. క్యాట్‌ఫిష్‌కి సి 25 నుంచి 50 మిల్లీగ్రాములు, ఇ 50, నియాసిన్ 14, పాంటోథెనిక్ 15.

ఇవి చేప నోట్లో పడాల్సిన కనీసపు లెక్కలు. మనం కలిపే లెక్కలు కావు. ఆవిరిలో పోయేది, యంత్రం వేడికి పోయేది, గోదాములో పోయేది, నీళ్లలో కరిగేది అన్నీ పోను మిగలాలి. అన్నిటికంటే ముందు పోయేది సి. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం వేసి తేలే మేత తీస్తే సగానికి పైగా యంత్రంలోనే పోతుంది, మిగిలింది గోదాములో నెల నెలకీ తరుగుతుంది. పాత పరిశోధనల్లో ఎర్రమోసుకి (మృగాల చేపకి) కిలో మేతకి 650 నుంచి 750 మిల్లీగ్రాములు కావాలని కనపడుతుంది. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం అంత త్వరగా పోయేది కాబట్టే ఆ లెక్క అంత పైకి పోయింది. ఇప్పుడు ఫాస్ఫేట్ కట్టిన విటమిన్ సి దొరుకుతుంది. అది వేడికి తట్టుకుంటుంది, చేప కడుపులో ఆ ఫాస్ఫేట్ ఊడిపోయి సి బయటపడుతుంది. డబ్బా మీద "ఆస్కార్బిల్ ఫాస్ఫేట్" గానీ "మోనోఫాస్ఫేట్" గానీ ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే పెట్టేసి రండి.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. వంద కిలోల మేత, కిలోకి 100 మిల్లీగ్రాముల సి కావాలి. మొత్తం 10,000 మిల్లీగ్రాములు, అంటే 10 గ్రాములు. కానీ ఫాస్ఫేట్ పొడిలో అసలు సి 35 శాతమే ఉంటుంది. 10 ని 0.35 తో భాగిస్తే 28.6. అంటే 29 గ్రాముల పొడి తూచాలి. ఇ కూడా అంతే. వంద కిలోలకి 10 గ్రాములు కావాలి, పొడి 50 శాతందైతే 20 గ్రాములు తూచండి. చాలామంది శాతం చూడకుండా 10 గ్రాములు వేసి "వేశాం, పని చెయ్యలేదు" అంటారు. ఇంకొందరు భయపడి గుప్పిట్లతో వేస్తారు. సి, బి ఎక్కువైతే చాలావరకు బయటికి పోతాయి, డబ్బులే దండగ. ఎ, డి అలా కాదు, లివర్లో పేరుకుని చేపకే ఎసరు పెడతాయి.

తూచడానికి వంటింటి కాటా వద్దు. గ్రాము తేడా చూపించే చిన్న కాటా ఆన్‌లైన్‌లో అయిదారు వందలకి వస్తోంది. ఇక కలపడం. 29 గ్రాముల పొడిని నేరుగా వంద కిలోల మీద చల్లితే ఒక మూల చేపకి పండగ, ఇంకో మూల చేపకి ఉపవాసం. ముందు ఆ పొడిని అర కిలో మెత్తటి తవుట్లో కలపండి. దాన్ని అయిదు కిలోల్లో కలపండి. దాన్ని మొత్తంలో కలపండి. పిండివంటకి యాలకుల పొడి కలిపేటప్పుడు మీరు చేసేదే, చేపకి చెయ్యడానికే బద్ధకం.

తయారుగా కొన్న తేలే మేత అయితే దాంట్లో ప్రీమిక్స్ అప్పటికే ఉంటుంది, మళ్లీ కలపక్కర్లేదు. తొట్లలో వలేసి పట్టి ఇంకో తొట్లోకి మార్చేముందో, చేపపేను కొరికి పుళ్లు పడ్డప్పుడో వారం పది రోజులు పైన సి పట్టించడం మంచిదే. గాయం మానడానికి కొల్లాజెన్ (చర్మాన్నీ ఎముకనీ పట్టి ఉంచే మాంసకృత్తు) కావాలి, దానికి సి కావాలి. 29 గ్రాముల పొడి అర లీటరు నీళ్లలో కరిగించి వంద కిలోల మేత మీద పిచికారీ కొట్టండి, నీడన పావుగంట ఆరనిచ్చి, పైన లీటరు నూనె పట్టించండి. ఆ నూనె పొర లేకపోతే నీళ్లలో పడగానే కథ మొదటికొస్తుంది. ఎంత పట్టించారో అంత ఆ రోజే వెయ్యండి. చెడిపోయిన మేతకి మాత్రం ఈ వైద్యం చెయ్యకండి.

నడుము వంగినప్పుడు

కిందటేడు మా తమ్ముడి కొడుకు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి టార్పాలిన్ తొట్లలో ఫంగస్ వేశాడు. "అత్తా, చేపలు పాముల్లా మెలితిరిగి ఈదుతున్నాయి" అన్నాడు. ఫొటో పెట్టాడు. తోక దగ్గర ఎస్ అక్షరంలా వంకర, మొప్పరెప్ప కాస్త పొట్టిగా లోపలి ఎరుపు కనపడుతూ. నీళ్లు ఎలా ఉన్నాయిరా అంటే గర్వంగా "అద్దంలా ఉన్నాయి" అన్నాడు. అదీ సంగతి! మేత బస్తా మీద తేదీ చదవమన్నాను. పదకొండు నెలలు. రేకుల షెడ్డులో, గోడకి ఆనించి పెట్టాడు. సగం ధరకి వచ్చిందని కొన్నాడట.

అయినా నేను వెంటనే విటమిన్ సి అనలేదు. వంకర నడుముకి కారణాలు చాలా ఉంటాయి. పిల్లలు హేచరీలోనే ఒకే రక్తంలో పుట్టి వంకరగా వచ్చి ఉండొచ్చు. మేతలో ఫాస్ఫరస్ తక్కువ కావచ్చు. పక్క పొలంలో కొట్టిన పురుగుమందు నీళ్లలో పడ్డా వంగుతాయి. అందుకని మూడు విషయాలు అడిగాను. దించిన రోజు నుంచీ ఉన్నాయా, తర్వాత వచ్చాయా? ఒక్కరాత్రిలో వచ్చాయా, మెల్లగా పెరిగాయా? వేరే మేత తింటున్న తొట్టి ఉందా, అందులో ఎలా ఉన్నాయి? దించినప్పుడు బాగున్నాయి, రెండో నెల దాటాక ఒకటొకటిగా మొదలయ్యాయి, కొత్త మేత వేసిన రెండో తొట్లో ఒక్కటీ లేదు. అప్పుడు చెప్పాను, మేతేరా అని.

ఆ మేత ఆపించి తాజాది తెప్పించాం. కొత్తగా వంగడం ఆగింది. వంగిన ఎముక మాత్రం మళ్లీ నిటారు కాదు, ఆ చేపలు బతికాయి గానీ బజారులో ఎవరూ తీసుకోలేదు. "మరి వీటికి సి ఎక్కువ పెడితే?" అని వాడు వారం రోజులు అడిగాడు. లేదురా నాన్నా.

మిగతా లోట్లు ఇంత స్పష్టంగా కనపడవు. పాంటోథెనిక్ తక్కువైతే మొప్పల పోచలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. చూసినవాళ్లు గిల్ జబ్బనుకుని మందులు పోస్తారు. కోలిన్ తక్కువైతే లివర్ కొవ్వెక్కి పాలిపోతుంది. నియాసిన్ తక్కువైతే చర్మం మీద ఎర్రటి గాట్లు. నెలకోసారి శాంపిల్‌కి విసురువల వేసినప్పుడు బరువు చూసి వదిలెయ్యకుండా ఒక ముప్పై చేపల్ని పక్కకి తిప్పి నడుము, మొప్పరెప్ప ఎత్తి మొప్ప, రెక్కల మొదళ్లు చూడండి. ముప్పైలో ఒకటి వంకరైతే నేను పట్టించుకోను. మూడుంటే బస్తా తేదీ చూస్తాను.

గోదాము

మిల్లులో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. వానాకాలం, కోలిన్ క్లోరైడ్ సంచి విడిగా పెట్టడానికి చోటు లేక వారం రోజులకి సరిపడా విటమిన్ మిశ్రమంలో ముందే కలిపేసి డ్రమ్ములో మూత పెట్టాను. కోలిన్ గాల్లో తేమని లాగేస్తుంది. మూడో రోజుకి డ్రమ్ము నిండా బెల్లం దిమ్మలా గడ్డ. గడ్డ కట్టడమే కాదు, ఆ తేమకి మిగతా విటమిన్లూ చచ్చాయి. మొత్తం పారబోయించారు, ఆ నెల జీతం అందుకుంటుంటే తలెత్తలేకపోయాను. అప్పటి నుంచి నా చేతి మీద కోలిన్ ఎప్పుడూ చివర్న, కలిపే రోజే. ఖనిజాల మిశ్రమం కూడా విటమిన్లతో కలిపి నిల్వ ఉంచకండి. రాగి, ఇనుము సి ని నిలవనివ్వవు. రెండూ ఒకే ప్యాకెట్లో ఉన్న చవక మిశ్రమాలు అందుకే నాకు నచ్చవు.

మేత బస్తాలు నేల మీద, గోడకి ఆనించి వద్దు. చెక్క బల్ల, గోడకి మూరెడు ఎడం. చెరువు గట్టు మీద టార్పాలిన్ కప్పి పెడితే మధ్యాహ్నం దాని కింద చెయ్యి పెట్టి చూడండి, ఇడ్లీ పాత్రే. రెండు నెలలకి మించి కొనకండి, పాతది ముందు వాడండి. ముక్కిన వాసన వచ్చిన వేరుశనగ చెక్కైతే విటమిన్ సంగతి తర్వాత, అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) భయం ముందు.

కొర్రమీనువాళ్లకి విడిగా

కొర్రమీను పెంచేవాళ్లు పచ్చి చిన్నచేపల్ని నరికి మేతగా వేస్తుంటారు. చాలా రకాల పచ్చి చేపల్లో థయమినేజ్ అనే పదార్థం ఉంటుంది, అది బి1 ని నాశనం చేస్తుంది. 1930ల్లో అమెరికాలో ఒక నక్కల ఫారంలో నక్కలు కాళ్లు పడిపోయి చచ్చాయి. వెతికితే తేలిందేంటంటే, వాటికి పెట్టింది పచ్చి కార్ప్ చేప. చేపకి చేపని పచ్చిగా పెట్టినా అదే జరుగుతుంది, బ్యాలెన్స్ తప్పి గిరగిరా తిరుగుతుంది, ఉలిక్కిపడుతుంది. ఉడికిస్తే థయమినేజ్ పోతుంది. మరగనిచ్చి పది నిమిషాలు ఉంచి, చల్లారాక, తవుడుతో కలిపి ముద్ద చేసి, ఆ ముద్దలో విటమిన్ మిశ్రమం కలపండి. ఉడికేటప్పుడు కాదు, చల్లారాకే. పొయ్యి మాత్రం ఇంటికి దూరంగా, గాలివాలు చూసి పెట్టుకోండి. మా ఆడపడుచు వాళ్లు పెరట్లో పెట్టి, నెల రోజులు వీధిలో పిల్లులన్నిటికీ చుట్టాలయ్యారు.